నలభై ఒకటో ఆకు

ప్రపంచ నీతి మండలి వారికి గుండ్రబల్ల అచ్చిరాలేదు. అన్ని దేశాలూ సమానమేనని చాటడం కోసం నిరుటి మహాసభలో తలవైపూ కాళ్లవైపూ లేని గుండ్రటి బల్ల ఒకటి పనిగట్టుకుని చేయించారు. తొలిరోజు పొద్దున్నే గ్రాండోవియా రాయబారి వచ్చి ఓ కుర్చీలో కూర్చుని, బల్ల ఇక్కణ్నుంచే మొదలవుతుందన్నాడు. ఎదురుగా ఉన్న సర్మాండు ప్రతినిధి అదేం కుదరదు, తన దగ్గర్నుంచి మొదలవుతుందన్నాడు. గుండ్రంగా ఉన్నదానికి మొదలెక్కడో తేల్చమని ఉపసంఘం వేశారు. ఉపసంఘం కూర్చోవడానికి ఇంకో బల్ల కావలసి వచ్చింది. దాని ఆకారం మీద మళ్లీ పేచీ. ఆ ఏటికి ప్రపంచ నీతి అంతటితో సరి.

ఈ ఏడు సభ విశాఖపట్నంలో. ఏర్పాట్లన్నీ మండలి మర్యాదల విభాగపు సంయుక్త సంచాలకులు నిరంజనరావు గారి నెత్తిన పడ్డాయి. ఆయన వేసవిలో అంబాజీపేట దగ్గర ఎవరి పెళ్లికో వెళ్లి అక్కడ బంతి భోజనం చూశారు. జిల్లా జడ్జి గారూ, కొబ్బరికాయలు దింపే మనిషీ మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుని, ఒకే బకెట్టులోంచి పడిన పప్పు కలుపుకుంటున్నారు. నిరంజనరావు గారికి ఒళ్లు పులకరించింది. ప్రపంచ సమస్యకి పరిష్కారం అరిటాకులో దొరికిందని కనిపించినవాళ్లందరికీ నెల్లాళ్లు చెప్పారు. తరవాత కాగితం మీద పెట్టారు. ఓసారి కాగితం మీద పెట్టాక ఇంక దాన్ని ఆపడం ఎవరి తరం కాదు కదా.

ఆ పెళ్లిలో వడ్డన నడిపించిన ఇవటూరి దక్షిణామూర్తిని విశాఖకి పిలిపించారు. దక్షిణామూర్తికి యాభై ఎనిమిదేళ్లు. వంట ఎవరు వండినా సరే, ఆ చుట్టుపక్కల వెయ్యిమంది కూర్చునే బంతి వేశారంటే వడ్డన ఆయన చేతుల మీదుగా జరగాల్సిందే. మొదటాకుకీ చివరాకుకీ పడినదాంట్లో పిసరంత తేడా ఉందని ఒక్కరు చెప్పినా భుజం మీద తువ్వాలు తీసేసి ఇంట్లో కూర్చుంటానని ఆయన పందెం. ముప్ఫై అయిదేళ్లుగా ఎవరూ చెప్పలేదు.

మీ బంతికి పద్ధతులేమిటని నిరంజనరావు గారు అడిగారు. పెద్ద పద్ధతులేం లేవండీ అంటూనే దక్షిణామూర్తి మూడు చెప్పాడు. అందరి ఆకుల్లోనూ పడ్డాకే తొలి ముద్ద కలపాలి. ఆఖరి మనిషి తినడం అయ్యేదాకా ఎవరూ లేవకూడదు. మనిషి కూర్చున్నాక ముందున్న ఆకు ఎత్తకూడదు. ఇవన్నీ చిన్నపిల్లలకి కూడా తెలిసినవేనన్నాడు. నిరంజనరావు గారు వాటిని "పంక్తినీతి మూలసూత్రాలు" అని నున్నటి కాగితం మీద నాలుగు రంగుల్లో అచ్చు వేయించారు. పనిలో పనిగా తన సొంతంగా నాలుగోది చేర్చారు. బంతిలో ఆకు ఉన్న దేశమే సభకి హాజరైన దేశం. హాజరు పుస్తకం పట్టుకుని తిరిగే బాధ తప్పుతుందని ఆయన సంబరం.

భోజనం రేపనగా మర్యాదల విభాగంలో సమీక్షా సమావేశం పెట్టారు. దక్షిణామూర్తి కూడా ఓ మూల కూర్చున్నాడు. తెర మీద నలభై ఒక్క దేశాల పేర్లు వరసగా వెలిగాయి. పక్కన అంకెలున్నాయి. దాన్ని ప్రభావ సూచిక అంటారట. ఒక దేశం మిగతా దేశాలని తన ఇష్టానికి ఎంతవరకు కదిలించగలదు, లేదా కదలకుండా కూర్చోబెట్టగలదు అన్నదాన్ని బట్టి ఎప్పటికప్పుడు యంత్రమే లెక్క కట్టి చూపిస్తుంది. మొదటి పేరు గ్రాండోవియా. రెండోది సర్మాండు. నలభై ఒకటోది ఓరిమా దీవులు.

వరస ప్రకారం కూర్చోబెట్టాలన్నారు. ఎవరు ఎక్కడ కూర్చుంటే మాత్రం ఏం, పడేది ఒకటేగా అని దక్షిణామూర్తి అనుకున్నాడు. అసలు సంగతి తరవాత వచ్చింది. మొదటి అయిదు దేశాలకి నెయ్యి రెండు గరిటెలు, బూరెలు నాలుగు. ఇరవై దాకా ఒక గరిటె, రెండు బూరెలు. ముప్ఫై దాకా అర గరిటె, ఒక బూరె. ఆ కిందివాళ్లకి నేతి సువాసన.

దక్షిణామూర్తి లేచి నిలబడ్డాడు. "అయ్యా, సువాసన ఎలా వడ్డిస్తారండీ?"

"నేతి గిన్నెని వారి ఆకు మీదుగా ఒకసారి మెల్లగా తీసుకువెళ్లండి. దాన్ని మేము ప్రతీకాత్మక వడ్డన అంటాము," అన్నారు నిరంజనరావు గారు.

అందరూ సమానమని కదండీ నన్ను ఇంత దూరం రప్పించారు అని దక్షిణామూర్తి గొణిగాడు. ఆ మాటకి జవాబు చెప్పాల్సింది తాను కాదని నిరంజనరావు గారు పక్కకి చూశారు. అక్కడ మండలి నైతిక సలహాదారు ఆచార్య పరాంకుశం గారు కళ్లు మూసుకుని కూర్చుని ఉన్నారు. ఆయన నీతి మీద పదకొండు పుస్తకాలు రాశారు. ఎవరూ చదవకపోవడం వల్ల వాటిలో తప్పులు ఇంతవరకు బయటపడలేదు. ఆయన కళ్లు తెరవకుండానే తీర్పు చెప్పారు.

"సమానత్వమనగా అందరికీ ఒకే విధంగా వడ్డించుట కాదు. ఎవరి స్థాయికి తగినట్లు వారికి సమానంగా వడ్డించుట. అసమానతను దాచిపెట్టిన అది అవినీతి. బహిరంగంగా, అచ్చు వేసి, ముందుగా తెలియజేసి పాటించిన అది నీతియే."

గదిలో అందరూ బల్ల చరిచారు. దక్షిణామూర్తికి ఒళ్లు మండిపోయింది. అయినా బయానా పుచ్చుకున్నాక మధ్యలో వెళ్లిపోవడం తన ఇంటావంటా లేదు. చూద్దాం, గరిటె నా చేతిలోదే కదా అనుకున్నాడు.

మర్నాడు పొద్దున్న వంటశాల వెనక కూరగాయల బుట్టల దగ్గర ఒకావిడ ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని కనిపించింది. యాభై ఏళ్లుంటాయి, పూల గౌను, కాళ్లకి మామూలు చెప్పులు. పక్కన హిమజ అని విశాఖ అమ్మాయి, దుబాసీ పనికి వచ్చింది. ఆవిడ ఓరిమా మంత్రి లోమే గారని చెప్పింది. వరసలో నలభై ఒకటో దేశం కాబట్టి కారు పంపలేదు, ఆటోలో వచ్చారు. ముందు గుమ్మం దగ్గర వాహనం నంబరు అడిగితే చెప్పలేక వెనకదారిన లోపలికి వచ్చారట.

దక్షిణామూర్తి ఇద్దరికీ కాఫీ ఇచ్చాడు. మాటల్లో ఆవిడ కథంతా బయటికొచ్చింది. ఓరిమా అంటే పదకొండు దీవులు. పదింట్లో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే. పదకొండో దీవిలో మాత్రం తియ్యటి ఊట ఉంది. దేశం దేశమంతా పడవల్లో బిందెలు పెట్టుకుని అక్కడికే వస్తుంది. ఆర్నెల్లుగా గ్రాండోవియా యుద్ధనౌకలు ఆ దీవి చుట్టూ లంగరు వేసి కూర్చున్నాయి. దీవిని రక్షించడానికి వచ్చాం అంటున్నారు. ఎవరి నుంచి అని అడిగితే, ఇంకా తేలలేదు, తేలేదాకా ఉంటాం అంటున్నారు. ఇప్పుడు బిందెకి చీటీ ఉండాలట. ఆ చీటీ కోసం ఆడవాళ్లు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పడవల్లో ఎండలో ఉండాలట.

లోమే గారు సంచిలోంచి ఒక కాగితం తీసి చూపించింది. ఒక్కటే పేజీ. నెలరోజుల్లో నౌకలు వెళ్లిపోవాలి, దీవి జోలికి మళ్లీ రాకూడదు. భోజనాలయ్యాక సభలో ఆ కాగితం చర్చకి వస్తుంది. నాకు మిగిలిన సభ ఇదొక్కటే అని ఆవిడ అన్నట్టు హిమజ చెప్పింది. మీరు విదేశాంగ మంత్రాండీ అని దక్షిణామూర్తి అడిగాడు. విదేశాంగం, నీటి సరఫరా, బడులు మూడూ ఆవిడవేనట. ముప్ఫై ఏళ్లు పంతులమ్మగా చేసిందట. దక్షిణామూర్తికి ఆవిడ మీద ఎక్కడలేని గౌరవం కలిగింది.

పన్నెండున్నరకి బంతి వేశారు. సముద్రానికి ఎదురుగా పెద్ద హాలు, పొడుగ్గా చాపలు, చాపల ముందు నలభై ఒక్క అరిటాకులు. సూట్లు వేసుకున్న దొరలు నేల మీదకి దిగడమే ఓ ఘట్టం. గ్రాండోవియా రాయబారి బ్రాంజ్ గారిది భారీ విగ్రహం. ఇద్దరు కార్యదర్శులు చెరో రెక్క పట్టుకుని గంగాళం దింపినట్టు దింపారు. తీరా అందరూ కూర్చున్నాక పన్నెండు నలభైకి సూచిక మారింది. సర్మాండులో కొత్తగా ఏదో గని బయటపడిందట, వాళ్లు మొదటి స్థానానికి వచ్చేశారు. ఇద్దరినీ జాగాలు మార్చుకోమన్నారు. నన్ను మళ్లీ లేపాలంటే క్రేను తెప్పించండి అన్నాడు బ్రాంజ్ గారు. మొదటాకు దగ్గర కూర్చుంటే తప్ప ముట్టనన్నాడు సర్మాండు ఆయన.

నిరంజనరావు గారికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఇకమీదట ఈ బంతికి రెండు మొదళ్లు ఉంటాయని ప్రకటించారు. అటు కొస గ్రాండోవియా నుంచి ఒకటి, ఇటు కొస సర్మాండు నుంచి ఒకటి. సర్మాండు వారి ఆకు తెచ్చి ఇటు కొసన వేసి, మిగతావాళ్లందరినీ కొంచెం కొంచెం జరిపారు. జరిపి జరిపి చూస్తే నలభై ఒకటో ఆకుకి చోటు లేదు. చాప అయిపోయింది. లోమే గారి ఆకు గుమ్మం దాటి, చేతులు కడుక్కునే తొట్టి పక్కకి పోయింది. ఆవిడ అక్కడే వట్టి నేల మీద కూర్చుంది.

నిరంజనరావు గారు చూసి మొహం చిట్లించారు. హాలు బయట ఉన్నది బంతిలో ఆకు కాదు, చూడటానికీ బాగోలేదు, తీసేయమన్నారు. తీసేస్తే ఆవిడ హాజరు పోతుందని, హాజరు పోతే కాగితం చర్చకి రాదని హిమజ గబగబా దక్షిణామూర్తి చెవిన వేసింది. అసలు సంగతి ఆయనకి అప్పుడు బోధపడింది. అక్కడ అరిటాకు ఎత్తితే ఎక్కడో దీవిలో నీళ్ల ఊట పోతుంది.

"మనిషి కూర్చున్నాక ఆకు నేను ఎత్తనండి. మీకు అంతగా ఎత్తాలనుంటే మీరే వంగి ఎత్తండి. అందరూ చూస్తున్నారు," అన్నాడు దక్షిణామూర్తి.

నిజమే, అందరూ చూస్తున్నారు. ప్రతి ఒక్కరి ఒళ్లోనూ నాలుగు రంగుల్లో అచ్చు వేసిన మూడో సూత్రం ఉంది. నిరంజనరావు గారు కళ్లజోడు తుడుచుకుని, నలభై ఒకటో ఆకును బంతికి అనుబంధంగా పరిగణించవచ్చునని సెలవిచ్చారు.

వడ్డన మొదలైంది. పులిహోర, పనసపొట్టు కూర, ముద్దపప్పు, దప్పళం. వాటికి వరస పెట్టడం మండలి వారు మరిచిపోయారు కాబట్టి అవి అందరికీ ఒకేలా పడ్డాయి. నెయ్యి దగ్గరికొచ్చేసరికి నిరంజనరావు గారు సూచిక పట్టుకుని వెంట నడిచారు. ముప్ఫై దాటిన దేశాల మీదుగా గిన్నె ఊరేగింది. వాళ్లలో ఒకాయన పాపం, సువాసనకి తల వంచి నమస్కారం కూడా పెట్టాడు. దక్షిణామూర్తికి తల కొట్టేసినట్టయింది. ముప్ఫై అయిదేళ్లలో అలాంటి వడ్డన ఆయన చెయ్యి మీదుగా జరగలేదు.

ఒంటిగంటన్నరకి అందరి ఆకులూ ఖాళీ అయ్యాయి. లోమే గారిది మాత్రం సగం ఉంది. ఆవిడ చేత్తో అన్నం తినడం అదే మొదటిసారి, మెల్లగా తింటోంది. బ్రాంజ్ గారు లేవబోయి కార్యదర్శుల వైపు చేతులు చాచాడు. ఆఖరివారు ముగించేదాకా ఎవరూ లేవరాదని నిరంజనరావు గారు గర్వంగా గుర్తు చేశారు. రెండో సూత్రం అన్నిటిలోకీ ఆయనకి బాగా నచ్చింది, దాని మీద ఉపన్యాసం కూడా రాసుకుని ఉన్నారు. దాన్ని ఇప్పుడు చదివారు. బలహీనుల కోసం బలవంతులు ఆగడమే నాగరికత అని అందులో ఉంది. అందరూ చప్పట్లు కొట్టబోయి, ఎంగిలి చేతులు చూసుకుని ఆగిపోయారు.

దక్షిణామూర్తి పెరుగు బకెట్టు పట్టుకుని లోమే గారి ముందు వంగాడు. పక్కనే ఉన్న హిమజతో లోగొంతుకతో అన్నాడు.

"అమ్మా, ఆవిడతో చెప్పు. ఆవిడ లేచేదాకా ఇక్కడ ఎవరూ లేవడానికి లేదు. తొందరేం లేదు, ఒక్కో మెతుకే తినమను."

హిమజ చెప్పింది. లోమే గారు ముందు అర్థం కానట్టు చూసింది. తరవాత బంతి వైపు చూసింది. నలభైమంది నేల మీద కాళ్లు మడుచుకుని, చేతులు గాల్లో పెట్టుకుని తన మొహంకేసే చూస్తున్నారు. ఆర్నెల్లలో ఆవిడ మొహంకేసి ఎవరైనా చూడటం అదే మొదలు. ఆవిడ ఒక మెతుకు తీసుకుని నోట్లో వేసుకుంది. నమిలింది. చాలాసేపు నమిలింది.

రెండు గంటలైంది. తెర మీద సూచిక మారింది. ఓరిమా దీవులు పదిహేడో స్థానం. యంత్రం తప్పేం లేదు. నలభై దేశాలని అరగంటగా కదలకుండా కూర్చోబెట్టింది ఎవరని చూసుకుంది, అంతే. పదిహేడో దేశానికి ఒక గరిటె నెయ్యి, రెండు బూరెలు రావాలి. దక్షిణామూర్తి పరిగెత్తుకెళ్లి తెచ్చి వడ్డించాడు. ఆకు మళ్లీ నిండింది. లోమే గారు బూరెని చిన్న చిన్న ముక్కలు చేసి ఒక పక్కన పేర్చుకుంది.

మూడయ్యేసరికి ఓరిమా నాలుగో దేశమైంది. నిబంధన ప్రకారం మరి రెండు బూరెలూ ఇంకో గరిటె నెయ్యీ పడ్డాయి, పడింది తినాలి, తినేదాకా ఎవరూ లేవకూడదు, లేవకపోతే సూచిక ఇంకా పెరుగుతుంది. ఇది ఎక్కడ ఆగుతుందో లెక్క కట్టమని సాంకేతిక సలహాదారుని అడిగారు. మధ్యలో ఆగే వీలు లేదని ఆయన తేల్చాడు. నిరంజనరావు గారు చెమటలు కక్కుతూ పరాంకుశం గారి చెవిలో ఏదో అన్నారు. సూత్రం సడలించవచ్చుగానీ, సడలింపుకి సభ తీర్మానం కావాలని, సభ జరగాలంటే భోజనం ముగియాలని ఆచార్యులవారు మూసిన కళ్లు మూసినట్టే ఉంచి సెలవిచ్చారు.

హాల్లో ఒకాయనకి తిమ్మిరి. ఇంకొకాయనకి నడుం పట్టేసింది. సర్మాండు ప్రతినిధికి అంతకన్నా అర్జెంటు అవసరం ఉన్నట్టు ఆయన మొహమే చెబుతోంది. అందరి కుడిచేతులూ ఎండిన పప్పుతో బిర్రబిగుసుకుపోయాయి. మూడుంపావుకి ఒక్కొక్కరే బ్రాంజ్ గారివైపు తిరిగి, ఆ ఆడమనిషికి ఏం కావాలో ఇచ్చి పంపించవయ్యా అనడం మొదలెట్టారు. ప్రపంచంలో ఎన్నడూ ఒక మాట మీదకి రాని దేశాలన్నీ ఒక మాట మీదకి వచ్చాయి. నీతి వల్ల కానిది మోకాళ్ల వల్ల అయింది.

నాలుగు గంటలకి తెర మీద ఓరిమా దీవులు మొదటి స్థానంలో వెలిగింది. బ్రాంజ్ గారు నిట్టూర్చి కాగితం తెమ్మన్నాడు. చదివాడు. తొడ మీద పెట్టుకుని, కుడిచెయ్యి పనికిరాదు కాబట్టి పెన్ను ఎడమచేత్తో పట్టుకుని సంతకం గీకాడు. సాక్షిగా సర్మాండు ఆయన కూడా అలాగే గీకాడు. కాగితం చేతులు మారుతూ గుమ్మం దాటి లోమే గారి దగ్గరికి వచ్చింది. ఆవిడా ఎడమచేత్తోనే పెట్టింది. అప్పుడు ఆకు మడిచింది. దక్షిణామూర్తికి కళ్లనీళ్లు తిరిగాయి. ఎవరూ చూడకుండా తువ్వాలుతో మొహం ఒత్తుకున్నాడు.

బంతి లేచింది. లేవడానికి పావుగంట పట్టింది. లేవగానే సూచిక మారి ఓరిమా దీవులు నలభై ఒకటికి వచ్చింది.

అయిదు గంటలకి దక్షిణామూర్తిని లోపలికి పిలిచారు. మెచ్చుకుంటారేమో అనుకుంటూ వెళ్లాడు. పొడుగు బల్ల వెనక పరాంకుశం గారు, పక్కన నిరంజనరావు గారు, ఎదురుగా బ్రాంజ్ గారు చేతులు కడుక్కుని తాజాగా ఉన్నారు. ఓ పక్కన లోమే గారు, హిమజ. దక్షిణామూర్తి చొక్కాకి ఒక రేకుబిళ్ల తగిలించారు. దాని మీద సంప్రదాయ నిపుణుడు అని ఉంది.

గ్రాండోవియా తరఫున ఒక విన్నపం చదివారు. ఆతిథ్యమిచ్చిన ప్రాంతపు ఆచారాల పట్ల తమ దేశానికి అపారమైన గౌరవం ఉంది. ఆ ఆచారాల్లో ఎడమచేత్తో ఇచ్చినది ఇచ్చినట్టు కాదని భోజనానంతరం తమ దృష్టికి వచ్చింది. తాము మాట తప్పడం లేదు. స్థానిక సంస్కృతిని అవమానించడం ఇష్టం లేక మాత్రమే తమ సంతకం చెల్లదని బాధతో భావిస్తున్నారు.

పరాంకుశం గారు కళ్లు తెరిచారు. ఆ రోజు ఆయన కళ్లు తెరవడం అదే మొదలు.

"నిపుణుడా, మీ ఆచారమున ఒకరికి ఏదైనా ఎడమచేత్తో ఇత్తురా?"

"ఇవ్వమండి. గానీ భోజనాల దగ్గర..."

"నమోదు చేయండి," అన్నారు పరాంకుశం గారు.

"అది కాదండీ, భోజనం మధ్యలో..."

అడిగినదానికి సమాధానం వచ్చిందని, అడగనిదానికి సమాధానం చెప్పడం విచారణ నీతికి విరుద్ధమని ఆయన అరచెయ్యి చూపించారు. దక్షిణామూర్తి గొంతు పెంచాడు. ముందున్న మైకు మీద ఎర్రదీపం ఆరిపోయింది. రాసుకునే గుమాస్తా "ఇవ్వము" అని రాసి చుక్క పెట్టి కలం మూత బిగించాడు. సంప్రదాయం తెలిసినవాడి నోటి నుంచే నిజం వచ్చింది కాబట్టి ఇంక ఆలోచించాల్సింది లేదని, కాగితం చెల్లదని, ఓరిమా వారు వచ్చే ఏడు మళ్లీ సమర్పించుకోవచ్చునని తీర్పు వచ్చింది. ఆ వెంటనే నిరంజనరావు గారు లేచి దక్షిణామూర్తికి శాలువా కప్పారు. సంప్రదాయ పరిరక్షకుడు అని బిరుదు చదివారు. అందరూ కడుక్కున్న చేతులతో చప్పట్లు కొట్టారు.

దక్షిణామూర్తి వసారాలోకి వచ్చి గోడకి ఆనుకున్నాడు. ఆ ఊటని తన నోటితో తానే కప్పెట్టేశాడనిపించింది. వెనకే లోమే గారు, హిమజ వచ్చారు. ఆయన తలెత్తలేకపోయాడు.

"అమ్మా, ఆవిడతో చెప్పు, పాపం నాదేనని. అడిగినదానికి అబద్ధం చెప్పడం చేతకాలేదు. నిజం చెబుదామంటే సగంలో నోరు నొక్కేశారు."

లోమే గారు విని హిమజతో ఏదో అంది. ఆ రెండో సగం ఏమిటో చెప్పమంటున్నారు అని హిమజ చెప్పింది. పొద్దుట్నుంచీ ఆ భవనంలో ఆ ప్రశ్న అడిగింది ఆవిడొక్కతే.

దక్షిణామూర్తి చెప్పాడు. "మామూలప్పుడు ఎడమచేత్తో ఇవ్వం, నిజమే. కానీ భోజనానికి కూర్చున్నాక కుడిచెయ్యి ఎంగిలమ్మా. అప్పుడు మంచినీళ్లు తాగాలన్నా, పక్కవాడికి ఉప్పు అందించాలన్నా ఎడమచెయ్యే వాడతాం. అప్పుడు అదే మంచి చెయ్యి. ఎంగిలి చేత్తో ఇస్తేనే తప్పు. ఆ సంతకాలు మూడూ నిక్షేపంగా చెల్లుతాయి."

లోమే గారు సంచిలోంచి బడిపిల్లలు రాసుకునే నోటుపుస్తకం లాంటిది తీసి, ప్రతి మాటా తన భాషలో రాసుకుంది. తారీకు వేసింది. వేళ వేసింది. ఇది ఏ సభకి పనికొస్తుందమ్మా అని ఆయన అడిగాడు. ఏ సభకీ పనికిరాదని, పడవల్లో చీటీ కోసం కూర్చున్న ఆడవాళ్లు వెళ్లగానే ఏమైందని అడుగుతారని, వాళ్లకి సగం మాట చెప్పలేనని ఆవిడ అంది.

ఇంతలో నిరంజనరావు గారు పరిగెత్తుకుంటూ వచ్చారు. ముగింపు ఫోటోకి అందరూ ఉండాలట, ఎవరు లేకపోయినా సమానత్వానికి లోటట. మెట్ల మీద వరస కట్టించారు. మధ్యలో బ్రాంజ్ గారు, సర్మాండు ఆయన, అక్కణ్నుంచి సూచిక ప్రకారం అటూ ఇటూ. లోమే గారు కుడివైపు చిట్టచివర. పరిరక్షకుడు కూడా ఉంటే నిండుగా ఉంటుందని ఆవిడ పక్కన దక్షిణామూర్తిని శాలువాతో నిలబెట్టారు. పరాంకుశం గారు నీతి ప్రతిజ్ఞ చదివారు. ఇచ్చిన మాటకు కట్టుబడి ఉందుమని ప్రతి ఒక్కరూ కుడిచెయ్యి ఎత్తి చెప్పాలి.

అందరూ ఎత్తారు. లోమే గారు ఎడమచెయ్యి ఎత్తింది. దక్షిణామూర్తి ఒక్క క్షణం చూసి, తనూ ఎడమచెయ్యే ఎత్తాడు. ఫోటో తీసే ఆయన కంగారుపడి సైగ చేశాడు. ఇద్దరూ దించలేదు.

నెల తిరిగాక మండలి వారి ప్రత్యేక సంచిక వచ్చింది. అట్ట మీద ఆ ఫోటోనే వేశారు. కాగితం కొలతకి సరిపోలేదని కుడివైపు కాస్త కత్తిరించారు. నలభై దేశాలున్నాయి, నలభై కుడిచేతులున్నాయి, ఒక్కటీ తేడా లేదు.